అంకె ముఖం చూసి చెప్పలేం

(విజయవాడలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల సభలో ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. మీరు లోపలికి వచ్చేటప్పుడు తలా ఒక చీటీ ఇచ్చి, 0 నుంచి 9 వరకు మీకు తోచిన అంకె ఒకటి రాయమన్నాం. ఎక్కువ ఆలోచించొద్దు, ర్యాండమ్‌గా, అంటే ఏ లెక్కా పద్ధతీ లేకుండా రాసెయ్యండి అన్నాం. ఆ చీటీలే ఇవి. వాలంటీర్లు ఏ అంకెకి ఆ అంకె విడదీసి బల్ల మీద పది దొంతరలు పేర్చారు. వెనక వాళ్లు లేచి చూడండి, పర్లేదు. 7 దొంతర అన్నిటికంటే ఎత్తుగా ఉంది. దాని తర్వాత 3. సున్నా దగ్గర చీటీలు వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు.

మీరెవరూ కూడబలుక్కోలేదు కదా. రెండో వరసలో ఆ చివర అమ్మాయీ, నువ్వేం రాశావమ్మా?

(విద్యార్థిని: 7 మేడం. ఇంకెవరూ రాయరనిపించింది.)

ఇంకెవరూ రాయరని ఇంతమందికి అనిపించింది! ఆ ఒక్క క్షణంలో మన బుర్ర ఏం చేసిందో చూడండి. సున్నా అంటే ఏమీ లేనట్టు ఉంటుంది, వద్దు. 1, 9 అంచుల్లో ఉన్నాయి, అవీ వద్దు. 5 సరిగ్గా మధ్యలో ఉంది. 2, 4, 6, 8 మరీ పద్ధతిగా ఉన్నాయి. ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే 3, 7 మిగులుతాయి. అంటే మీరు ర్యాండమ్‌గా రాయలేదు, 'ర్యాండమ్‌లా కనిపించేది' వెతికి రాశారు. ఇది బెజవాడ వాళ్ల అలవాటు మాత్రమే కాదు. ఒక అంకె చెప్పమంటే జనం 7 వైపు మొగ్గుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచే రాస్తున్నారు.

ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అంకె ముఖం చూసి అది ర్యాండమో కాదో చెప్పలేం. అది ఎక్కణ్నుంచి వచ్చింది, ఎలా పుట్టింది అన్నదే చూడాలి. ఇది పరీక్షల కోసం చెప్పే మాట కాదు. మన దగ్గర ఇళ్ల స్థలాల దగ్గర్నుంచి పంట బీమా దాకా చాలా వాటి న్యాయం దీని మీదే నడుస్తోంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇందాక టీ ఇచ్చేటప్పుడు రెండు జట్లకి ఒక పని అప్పజెప్పాను. ఒక జట్టు నిజంగా రూపాయి బిళ్ల వంద సార్లు ఎగరేసి, బొమ్మ పడితే 'బొ', బొరుసు పడితే 'రు' అని రాయాలి. రెండో జట్టు బిళ్ల ముట్టుకోకుండా, ఎగరేసినట్టు ఊహించుకుని రాయాలి. ఏ కాగితం ఎవరిదో నాకు చెప్పొద్దన్నాను. రెండు కాగితాలూ ఇప్పుడే నా చేతికొచ్చాయి. ఒకదాంట్లో ఒక ముక్క చదువుతాను వినండి: బొ రు రు బొ రు బొ బొ రు బొ రు రు బొ. ఇక రెండోది: రు రు బొ బొ బొ బొ బొ బొ బొ రు.

ఏది అసలుది? మొదటిది అన్నవాళ్లు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. నేను రెండోది అంటున్నాను. జట్టు నాయకులు చెప్పండి. అవును, రెండోదే బిళ్ల ఎగరేసి రాసింది.

ఎలా చెప్పానంటే, వరస చూశాను. ఏడు బొమ్మలు వరసగా పడితే ఊహించి రాసేవాడికి చెయ్యి రాదు. మూడు బొమ్మలు రాయగానే "ఇక బొరుసు వెయ్యాలి, లేకపోతే నమ్మరు" అని లోపల టెన్షన్ మొదలవుతుంది. బిళ్లకి ఆ బాధ లేదు, ఇంతకుముందు ఏం పడిందో దానికి తెలీదు. లెక్క వేస్తే, వంద ఎగరేతల్లో ఎక్కడో ఒకచోట ఒకే వైపు వరసగా ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడే అవకాశం 80 శాతం. ఏడు గానీ ఆపైన గానీ పడే అవకాశం కూడా సగానికి మించే ఉంది. అంటే పొడుగు వరస లేకపోతేనే అనుమానించాలి. ఇంటికెళ్లి ఎవరితోనైనా చేసి చూడండి. ప్రతిసారీ పట్టుకోలేరు, కానీ ఎక్కువసార్లు పట్టుకుంటారు.

క్రికెట్ చూసేవాళ్లకి ఒక మాట. 2023 ప్రపంచ కప్ ఫైనల్ నుంచి 2025 ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ దాకా వన్డేల్లో ఇండియా వరసగా 15 టాస్‌లు ఓడిపోయింది. అప్పుడు ఎంతమంది ఎన్ని అన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. వరసగా 15 ఓడిపోవడం 32,768లో ఒక వంతు అవకాశం, నిజమే. కానీ అది ఆ ఒక్క 15 మ్యాచ్‌లనీ ముందే వేలు పెట్టి చూపించి అడిగితే వచ్చే లెక్క. ఇప్పటిదాకా 4 వేలకు పైగా వన్డేలు జరిగాయి, ఎన్నో జట్లు ఆడాయి. అన్ని టాస్‌లలో ఎప్పుడో ఒకప్పుడు, ఎవరికో ఒకరికి ఇలాంటి వరస తగలడం వింత కాదు. ముందే చెప్పి కొట్టడం వేరు, కొట్టాక చుట్టూ గీత గీసి గురి చూశామనడం వేరు.

ఇంకో ప్రయోగం, దీనికి బిళ్ల కూడా అక్కర్లేదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక పక్కకి నిలబడి, వచ్చే బళ్ల నంబర్లలో చివరి రెండంకెలు రాసుకోండి. 20 బళ్లు చాలు. 00 నుంచి 99 దాకా వంద రకాలున్నాయి, మీరు రాసుకున్నవి ఇరవయ్యే. రెండు బళ్లకి ఒకే జత రావడం కష్టమే అనిపిస్తుంది. కానీ ఆ అవకాశం 87 శాతం. పదమూడు బళ్లకే సగం దాటుతుంది. ర్యాండమ్ అంటే అన్నీ సమానంగా పరచుకుని ఉంటాయని మనకో నమ్మకం. అలా పరచుకోవు, గుంపులు కడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త: మనవాళ్లు ఫ్యాన్సీ నంబర్లకి వేలంలో డబ్బు పోసి మరీ కొంటారు, కూడితే 9 రావాలని పట్టుబడతారు. అందుకని బళ్ల నంబర్లు పూర్తిగా ర్యాండమ్ కావు. ఆ తేడా ఎంతుందో కనిపెట్టాలని మీలో ఎవరికైనా అనిపిస్తే అది మంచి ప్రాజెక్టు, నా దగ్గరకి రండి.

సమానంగా ఉండడం గురించి ఇంకో లెక్క చెప్పి ముందుకెళ్తాను. 0 నుంచి 9 వరకు ర్యాండమ్ అంకెలు వంద తీస్తే, ఒక్కో అంకె సగటున 10 సార్లు రావాలి. కానీ ఒకటి 7 సార్లు వచ్చి, ఇంకొకటి 14 సార్లు వచ్చినా అందులో వింతేం లేదు. పదికి పది అంకెలూ సరిగ్గా పదేసి సార్లు వచ్చాయనుకోండి, అప్పుడు కంగారు పడాలి. అలా జరిగే అవకాశం 4 కోట్లకు పైగా ప్రయత్నాల్లో ఒకసారి. లెక్కలు మరీ నున్నగా ఉన్నాయంటే ఎవరో కూర్చుని రాసినట్టే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మన బుర్ర పనికిరాదని తేలింది. మరి ర్యాండమ్ అంకెలు ఎలా తేవాలి?

మన ఇళ్లల్లో అష్టాచెమ్మా ఆడేవాళ్లు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒకవైపు గచ్చు మీద అరగదీసి వేసేవాళ్లు. అరిగిన వైపు తెలుపు, రెండో వైపు నలుపు. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, నాలుగూ నలుపు పడితే అష్ట. ఇవిగో, నాలుగు పిక్కలు తెచ్చాను. దగ్గరికొచ్చి చూడండి, ఇది కొంచెం ఎక్కువ అరిగింది, ఇది అంచు మీద ఒరిగి కూర్చుంటోంది. అరగదీసిన పిక్క రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పదింట ఆరుసార్లు తెలుపే పడే పిక్కలు అనుకుందాం. నాలుగూ తెలుపు పడడం సుమారు 8 సార్లకి ఒకసారి. నాలుగూ నలుపు 39 సార్లకి ఒకసారి. పిక్కలో చిన్న తేడా ఆటలో ఎంత తేడా తెచ్చిందో చూడండి.

ఈ తేడా ఉన్న పిక్కతోనే న్యాయమైన ఫలితం తియ్యొచ్చు. జాన్ వాన్ నాయ్‌మన్ అనే గణిత శాస్త్రవేత్త 1951లో చెప్పిన ఉపాయం ఇది. ఒకే పిక్కని రెండుసార్లు వెయ్యండి. తెలుపు తర్వాత నలుపు పడితే మొదటి వాడు గెలిచినట్టు. నలుపు తర్వాత తెలుపు పడితే రెండో వాడు. రెండుసార్లూ ఒకే రంగు పడితే లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ వెయ్యండి. పిక్క ఎంత వంకరదైనా, తెలుపు-నలుపు పడే అవకాశం, నలుపు-తెలుపు పడే అవకాశం సమానమే: 0.6 ని 0.4 తో గుణించినా, 0.4 ని 0.6 తో గుణించినా 0.24. సగానికి పైగా జతలు వృథా పోతాయి, కానీ వచ్చిన ఫలితం నికార్సైనది. షరతు ఒక్కటే, ఒకసారి వేసినదానికీ ఇంకోసారి వేసినదానికీ సంబంధం ఉండకూడదు. నాకు ఈ ఉపాయం అంటే ప్రాణం. పిక్కని బాగుచెయ్యకుండా, అది ఎంత వంకరదో కూడా తెలుసుకోకుండా న్యాయం సాధించడం ఎంత గొప్ప ఆలోచన!

అదే మనిషి, అంకగణితంతో ర్యాండమ్ అంకెలు పుట్టించాలనుకునేవాడు పాపం చేస్తున్నట్టేనని కూడా రాశాడు. ఎందుకన్నాడో బోర్డు మీద చేసి చూపిస్తాను.

నేనొక అంకె తీసుకుంటాను, 0 అనుకోండి. దాన్ని 5 తో గుణించి, 3 కలిపి, 16 తో భాగిస్తే వచ్చే శేషం రాస్తాను. మూడు. ఇప్పుడు ఈ 3 కి అదే పని: 15 కి 3 కలిపితే 18, శేషం 2. మళ్లీ రెండుకి: 13. ఇలా చేసుకుంటూ పోదాం, మీరు చెప్పండి నేను రాస్తాను.

0, 3, 2, 13, 4, 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9.

తర్వాతేంటి? 9 ని 5 తో గుణిస్తే 45, మూడు కలిపితే 48, శేషం 0. మళ్లీ మొదటికొచ్చాం. 0 నుంచి 15 దాకా పదహారూ ఒక్కోసారి వచ్చాయి, ఏదీ తప్పిపోలేదు. వరసేమో చిందరవందరగా ఉంది. ఏ పద్ధతీ లేనట్టే ఉంది కదా? ఒక్క నిమిషం చూడండి. తొందరేం లేదు.

(విద్యార్థి: మేడం, ఒకటి సరిసంఖ్య, ఒకటి బేసి. చివరిదాకా అలాగే ఉన్నాయి.)

శభాష్ నాన్నా! సున్నా సరి, 3 బేసి, 2 సరి, 13 బేసి. చివరిదాకా తప్పకుండా అంతే. ఎందుకంటే సరిసంఖ్యని 5 తో గుణిస్తే సరే, దానికి 3 కలిపితే బేసి. బేసిని 5 తో గుణిస్తే బేసి, 3 కలిపితే సరి. 16 తో భాగించడం వల్ల ఆ గుణం మారదు. ఈ వరస పెట్టి బొమ్మా బొరుసూ ఆట తయారుచేసి, సరిసంఖ్యని బొమ్మ అనుకుంటే బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు తప్ప ఇంకేమీ రాదు.

కంప్యూటర్లు చాలా ఏళ్లపాటు సరిగ్గా ఇదే పని పెద్ద పెద్ద సంఖ్యలతో చేశాయి. పద్ధతి డి.హెచ్. లెహ్‌మర్ అనే గణిత శాస్త్రవేత్తది, 1949 నాటిది. మొదట పెట్టే సంఖ్యని సీడ్ అంటారు. సీడ్ తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. 1960లలో ఐబీఎం కంప్యూటర్లలో ర్యాండు అనే ప్రోగ్రామ్ ఉండేది, ప్రపంచమంతా వాడింది. దాన్నుంచి మూడేసి సంఖ్యలు తీసుకుని పొడుగు, వెడల్పు, ఎత్తుగా గుర్తిస్తే, చుక్కలు గది నిండా పడకుండా కేవలం 15 తలాల మీదే, అంటే పలకల్లాంటి చదునైన పొరల మీదే పడేవి. విడిగా చూస్తే ఏ లోపమూ కనిపించదు. ఇలాంటి అన్ని పద్ధతులకీ ఈ జబ్బు ఉందని జార్జ్ మార్సాగ్లియా 1968లో రుజువు చేసేలోపు ఎన్ని పరిశోధనలు దాని మీద ఆధారపడ్డాయో లెక్కలేదు. ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ర్యాండమ్ అని రాస్తే నడిచేది ఇంతకంటే ఎన్నో రెట్లు మెరుగైన పద్ధతి. అయినా అదీ లెక్కే. దాన్నుంచి ఏ ముక్కా కత్తిరించకుండా బయటికొచ్చిన 624 సంఖ్యలు వరసగా చూస్తే, తర్వాత రాబోయేవన్నీ చెప్పేయొచ్చు.

ఇది ఎవరికి ముఖ్యం? వరి పొలం ఉన్న ప్రతి ఇంటికీ ముఖ్యం. పంట కోత ప్రయోగాలు అని వింటుంటారు. ఊళ్లో దిగుబడి ఎంతో, బీమా ఇవ్వాలో వద్దో ఎక్కువగా తేల్చేది అవే. ఊళ్లో ఏ సర్వే నంబర్ తీసుకోవాలో ర్యాండమ్ నంబర్ చెబుతుంది. ఆ పొలానికి వెళ్లాక నైరుతి మూల నుంచి పొడుగునా ఎంత దూరం, అడ్డంగా ఎంత దూరం నడవాలో ఇంకో రెండు ర్యాండమ్ నంబర్లు చెబుతాయి. అక్కడ వరికైతే సాధారణంగా 5 మీటర్ల చదరం గీసి, కోసి, నూర్చి తూకం వేస్తారు.

ఆ రెండు నంబర్లు లేవనుకోండి. అధికారి గట్టు మీద నిలబడి "ఇక్కడ కొయ్యండి" అంటాడు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, కన్ను ఏపుగా ఉన్న చోటికే పోతుంది. గట్టు పక్కన నీళ్లు బాగా అందిన చోటే గీత గీస్తాడు. దిగుబడి ఎక్కువ తేలుతుంది, ఊరంతటికీ బీమా పోతుంది. ఇందాక మీరు 7 రాశారు చూడండి, ఆయన చేసేదీ అదే, తనకి తెలియకుండానే. ఆ కన్నుకి అడ్డుకట్ట వెయ్యడానికే 1930ల చివర్లో బెంగాల్ జనపనార పొలాల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ర్యాండమ్ ఎంపికతో సర్వేలు చేయించారు. ఆయన పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరి, ఈ శాస్త్రానికి ప్రపంచంలోనే పెద్దదిక్కైన సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు చదువుకున్నది మన నూజివీడు, నందిగామ బళ్లలోనే. ఇక్కడికి బస్సులో వచ్చే దూరం. ఈ మాట మీకు చెప్పేటప్పుడు నాకు చాలా గర్వంగా ఉంటుంది.

చీటీలు వేసి తీసినా అన్నిసార్లూ న్యాయం జరగదు. 1969 డిసెంబర్ 1న అమెరికాలో, వియత్నాం యుద్ధానికి ఎవరిని ముందు పిలవాలో లాటరీ తీశారు. సంవత్సరంలోని 366 తేదీలు 366 గొట్టాల్లో పెట్టి, గాజు కూజాలో పోసి ఒక్కొక్కటీ తీశారు. ముందు వచ్చిన తేదీన పుట్టినవాళ్లు ముందు వెళ్లాలి; తేదీ ఎన్నోదిగా వస్తే అదే వాళ్ల నంబర్. టీవీలో దేశమంతా చూసింది, దాపరికం ఏమీ లేదు. కానీ గొట్టాలు నెలల వారీగా పెట్టెలో వేశారు, సరిగ్గా కలపలేదు. చివర వేసిన నెలలు పైనే ఉండిపోయాయి. జనవరిలో పుట్టినవాళ్ల సగటు నంబర్ 201 వస్తే, డిసెంబర్ వాళ్లది 121 వచ్చింది. న్యాయంగా అయితే రెండూ 183 దగ్గర ఉండాలి. ఇక్కడ కోల్పోయింది డబ్బు కాదు, ప్రాణాలు. మరుసటి ఏడు పద్ధతి మార్చారు.

కంప్యూటర్ పెడితే సరిపోతుందా అంటే, అదే అమెరికాలో 2010లో 1.65 కోట్ల డాలర్ల లాటరీ ఒకటుంది. లాటరీ సంస్థల కూటమిలో భద్రత చూసే అధికారే నంబర్లు తీసే ప్రోగ్రామ్‌లో తన ముక్క చొప్పించాడు. ఏడాదిలో కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో మాత్రం ఏ నంబర్లు వస్తాయో తనకి ముందే తెలిసేటట్టు చేసుకున్నాడు. మిగతా రోజుల్లో యంత్రం బుద్ధిగా పనిచేసేది, పరీక్షలన్నీ పాసయ్యేది. వచ్చిన నంబర్లు ఎంత చూసినా ఎవరికీ అనుమానం రాదు. లోపం నంబర్లలో లేదు, అవి పుట్టిన చోట ఉంది.

మన చుట్టూ ఇప్పుడు ఎన్ని లాటరీలో. అమరావతికి భూములిచ్చిన రైతులకి ప్లాట్లు కేటాయించింది కంప్యూటర్ లాటరీతోనే. ఓట్ల లెక్కింపులో ప్రతి అసెంబ్లీ నియోజకవర్గానికీ 5 పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ స్లిప్పులు, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు, లెక్కపెట్టాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ అయిదూ లాటరీ తీసే ఎంచుతారు. వీటన్నిటిలో అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఫలితం చూసి "మా పక్కింటాయనకి కార్నర్ ప్లాట్ ఎలా వచ్చింది" అని అడిగితే జవాబు దొరకదు. ఎవరో ఒకరికి రావాలి, వచ్చింది. నంబర్లు ఎలా పుట్టాయో ముందే రాసి పెట్టారా, ఎవరైనా సరిచూసుకోవచ్చా అని అడగాలి.

(విద్యార్థి: మేడం, కంప్యూటర్ లోపల ఏం జరిగిందో జనానికి ఎలా తెలుస్తుంది?)

చాలా మంచి ప్రశ్న. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఎన్నికల ఆడిట్‌లో దీనికి దారి చూపిస్తోంది. ఏ బ్యాలెట్లు తనిఖీ చెయ్యాలో ప్రోగ్రామే ఎంచుతుంది. కానీ ఆ ప్రోగ్రామ్ ముందే బయటపెడతారు, అందరూ చదువుకోవచ్చు. సీడ్ మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. బహిరంగంగా, పది ముఖాలున్న పాచికలు జనం ముందు వేసి, వచ్చిన 20 అంకెలని సీడ్‌గా పెడతారు. ప్రోగ్రామ్ తెలుసు, సీడ్ తెలుసు కాబట్టి ఎవరైనా ఇంట్లో కూర్చుని అదే లెక్క చేసి, అదే జాబితా వస్తుందో లేదో చూసుకోవచ్చు. పాచికలు పడకముందు ఎవరికీ తెలీదు, పడ్డాక అందరికీ తెలుసు. సీడ్ తెలిస్తే అంతా తెలిసిపోతుందని ఇందాక లోపంగా చెప్పుకున్నాం. ఇక్కడ అదే జనానికి ఆధారం అయింది. దీనికి పెద్ద ఖర్చేం లేదు. మన దగ్గర ప్లాట్లకైనా, బడి సీట్లకైనా, దుకాణాల లైసెన్సులకైనా రేపే మొదలుపెట్టొచ్చు. ఎందుకు పెట్టరని మీ తరం గట్టిగా అడగాలి.

సభ పెట్టినవాళ్లు ముగ్గురికి పుస్తకాలు ఇస్తామన్నారు. అది ఇప్పుడే ఇలాగే చేద్దాం. మీ కుర్చీలకి నంబర్లున్నాయి. ప్రోగ్రామ్ పది వరసలే, ఇదిగో తెర మీద పెడుతున్నాను, ఫొటో తీసుకోండి, తీసుకున్నాక నేను ఒక్క అక్షరం కూడా మార్చను. పది ముఖాల పాచిక ఇది. నాలుగు మూలల నుంచి నలుగురు రండి, ఒక్కొక్కరూ ఒకసారి వెయ్యండి. బాబూ, నువ్వు ముందు రా. గట్టిగా కదిపి వెయ్యి. ఏం పడిందో మైకులో చెప్పు, అందరూ రాసుకుంటారు.